కుడికి తిరిగితే

కాలువ గట్టు మీద పోతున్నంతసేపూ
నా మారుతీ నోరెత్తదు.
పాలకొల్లు నుంచి దిగువకి
నీళ్ళెటు పోతే రోడ్డటే,
స్టీరింగు మీద రెండు వేళ్ళు చాలు.
లాకుల దగ్గర వంతెనెక్కి కుడికి తిప్పానా,
కిందెక్కడో అడకత్తెర పెట్టి
ఎవరో వక్కలు నరకడం మొదలెడతారు.

వారం రోజులు సీసాలనుకున్నాను.
డిక్కీలో ఎప్పుడూ నలభై ఉంటాయి,
రొయ్యల చెరువుల నీళ్ళు,
మూత మీద రైతు పేరు, చెరువు నంబరు,
ల్యాబుకి చేరేదాకా ఒకదాన్నొకటి పొడుచుకుంటూ.
మధ్యలో పాత పేపర్లు కుక్కాను.
జాకీకి గోనెపట్టా చుట్టాను.
ఆదివారం మొత్తం ఖాళీ చేస్తే
స్టెప్నీ కింద ఎండు కొబ్బరికాయ దొరికింది,
కారు నాకమ్మినవాళ్ళదై ఉంటుంది.
ఇదే దొంగ అనుకుని
ఉత్త కారేసుకుని లాకుల దాకా పోయొచ్చాను.
అడకత్తెర పని మానలేదు.

జక్కం యెహోషువ షెడ్డు రైలు గేటు పక్కన.
బానెట్టు ఎత్తలేదు. బీడీ ఆర్పి అడిగాడు:
"సౌండెలా వత్తందండి?"
"ఏదో... చప్పుడు."
"చప్పుడికి పేరుంటదండి.
కిర్రుమంటే బుష్షు.
గుర్రుమంటే బేరింగు.
లొడలొడలాడిందంటే కింద లింకు రాడ్డు.
కొరకొరా, టకటకా, కటకటా?
తమరే చెప్పాలి. రోజూ వినేది తమరే కదండీ."
నాకు సిగ్గేసింది.
వారంగా భయపడ్డానే గానీ
విననే లేదు.

ఎదురుగా ధాన్యం ఆరబోసే కళ్ళం ఖాళీగా ఉంది.
"ముందు ఎడమకి గుండ్రంగా తిప్పండి."
తిప్పాను. కొంగలు లేచాయి. అంతే.
"ఇప్పుడు కుడికి. ఫుల్లు కటింగు.
ఫస్టు గేరు, కంగారేం లేదు."
కారు పక్కనే నడుస్తున్నాడు, అరవై ఏళ్ళ మనిషి,
లుంగీ ఎగ్గట్టి, నడుం వంచి, ఎడమ చక్రానికి చెవొగ్గి,
సంతలో గిత్త నడక చూసే బేరగాడిలా.
నేను అద్దం దించాను.

టక్. టక్. టక్.

వేగం పెంచితే దగ్గర దగ్గరగా,
తగ్గిస్తే ఎడంగా.
"టకటక!" అని అరిచాను కిటికీలోంచి,
ఒకటో తరగతిలో జవాబు చెప్పినట్టు.
"ఆయ్" అన్నాడు.
"కుడికి తిరిగితే ఎడమది మూలుగుతదండి.
బరువు పడేది దాని మీదే."

జాకీ ఎత్తి టార్చి వేశాడు.
యాక్సిలు చివర ముడతల రబ్బరు బూటు
చిరిగి నోరు తెరుచుకునుంది.
గ్రీజంతా రిమ్ము లోపలికి చిమ్మేసింది.
గుండ్లు పొడిగా, ఎర్రగా, గరుగ్గా.
"చెరువు గట్ల మీద తిరిగే బండాండి?
ఉప్పు పోయింది లోపలికి."

పొద్దస్తమానం ఊరందరి ఉప్పూ కొలిచేదాన్ని!
వేలితో అద్ది చూశాను.
పేరూ నంబరూ లేని శాంపిలు.
నాకు నవ్వాగలేదు,
ఆయనకెందుకో తెలీలేదు.

"బూటొకటే మారిస్తే సరిపోదండి, జాయింటే పోయింది.
రాజమండ్రి నించి రావాలి, రేపు సాయంత్రం బస్సులో.
అందాకా కుడికి తిప్పమాకండి."
"తిప్పకుండా ఇంటికెలా పోను?"
కుర్రాడు దుర్గాబాబు రెంచీతో నేల మీద గీశాడు:
వంతెన, రైసు మిల్లు, చేపల మార్కెట్టు, చర్చి,
అన్నీ ఎడమలే.
నాలుగు కిలోమీటర్లది పదకొండయింది.

అలాగే పోయాను.
ఎన్నడూ చూడని వీధిలో
ఎవరింటి నూతి గిలకో కిర్రుమంది.
బుష్షు, అనుకున్నాను.
చీకట్లో వరసగా తిరిగే ఏరేటర్లలో
ఒక్కటి లొడలొడలాడుతోంది,
దాని రైతు ఇంకా విన్నట్టు లేదు.
హారన్ కొట్టాను. ఎవరూ లేవలేదు.

చివరికి మా సందు. కుడివైపే, తప్పదు.
రేడియో కట్టేసి
అద్దం పూర్తిగా దించి
మెల్లగా తిప్పాను.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోది కాస్త ఆలస్యం.
అయిదు.
ఆరో టక్కుకి చక్రం తిన్నగైంది.